చెవిలో చీము – పద్నాలుగు రోజుల సూత్రం: ఒక విమర్శ

చిన్నపిల్లల బాధలలో చెవిపోటు, చెవిలో చీము ఎంత సామాన్యమైనవో ప్రతి తల్లికీ తెలుసు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు పిల్లలను పుట్టిననాటి నుండి గమనించి 1989 లో ప్రకటించిన ఒక అధ్యయనం ప్రకారం, మూడేళ్ళు నిండేలోపల నూటికి 83 మందికి కనీసం ఒక్కసారైనా మధ్యచెవి వాపు వచ్చింది. 46 మందికి మూడుసార్లో అంతకు మించో వచ్చింది. చెవిలో దీర్ఘకాలం చీము కారుతూ ఉండేవారు ప్రపంచంలో 6.5 కోట్ల నుండి 33 కోట్ల వరకు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 లో అంచనా వేసింది. ఈ జాడ్యం మిక్కిలి హెచ్చుగా ఉన్న దేశాల వరుసలో భారతదేశాన్ని కూడా చేర్చింది.

ఇంత సామాన్యమైన లక్షణం వెనుక, బహు అరుదుగా, ఒక కాన్సరు దాగి ఉండవచ్చును. చీము అదే, వాసన అదే, నొప్పి కూడా అదే. మందు వేసినప్పుడు కొంత తగ్గినట్లు కనిపించడం కూడా అదే. అందువల్ల ఆ బిడ్డకు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, చెవిలో చుక్కల మందే వేస్తూ ఉంటారు. అరుదైన ఈ రోగాన్ని మొదటిరోజే పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. కాని ఎన్నవ రోజున దానిని అనుమానించవలెను? ఆ అనుమానానికి వైద్యవిధానంలో చోటు ఉన్నదా? ఈ ప్రశ్నలతో పరిశీలించవలసిన పత్రం ఒకటి ఉన్నది. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తయారు చేసిన బాలవ్యాధుల చికిత్సా పట్టిక.

పట్టిక చెప్పేది

ఈ విధానం 1990 ల మధ్యలో రూపొందింది. ఆంగ్లపు పేరులోని మొదటి అక్షరాలను బట్టి దీనిని ఐ.ఎమ్.సి.ఐ. అంటారు. భారతదేశం దీనిని కొన్ని మార్పులతో స్వీకరించి, అప్పుడే పుట్టిన శిశువులను కూడా చేర్చి, ఐ.ఎమ్.ఎన్.సి.ఐ. అని పేరు పెట్టింది. పెద్ద పరికరాలు, ప్రయోగశాలలు లేని ఆరోగ్యకేంద్రంలో నర్సుగాని ఆరోగ్య కార్యకర్తగాని, అయిదేళ్ళలోపు బిడ్డను చూచి ఏమి చేయవలెనో నిర్ణయించుకోవడానికి ఉద్దేశించిన పట్టిక ఇది. గులాబిరంగు గడిలో పడిన బిడ్డను వెంటనే ఆసుపత్రికి పంపవలెను. పసుపు గడి అయితే ఆరోగ్యకేంద్రంలోనే మందు ఇవ్వవలెను. ఆకుపచ్చ గడి అయితే ఇంటివద్ద సంరక్షణ చాలును.

2014 లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతిలో చెవిని గూర్చిన భాగం చాలా చిన్నది. కార్యకర్త తల్లిని మూడు ప్రశ్నలు అడుగుతుంది: చెవి నొప్పి ఉన్నదా? చెవి కారుతున్నదా? కారుతుంటే ఎన్నాళ్ళ నుండి? తరువాత చెవినుండి చీము వస్తున్నదేమో చూస్తుంది. చెవి వెనుక, ముట్టుకుంటే నొప్పి పుట్టే వాపు ఉన్నదేమో తడిమి చూస్తుంది. అటువంటి వాపు ఉంటే అది చెవి వెనుక ఎముకకు పట్టిన మాస్టాయిడైటిస్, గులాబి గడి. చీము పద్నాలుగు రోజులలోపుదైతే, లేక నొప్పి మాత్రమే ఉంటే, అది కొత్తగా వచ్చిన చెవి ఇన్ఫెక్షన్. అయిదురోజులు యాంటిబయాటిక్ మందు ఇవ్వవలెను. పద్నాలుగు రోజులు గాని అంతకు మించి గాని కారుతుంటే అది దీర్ఘకాలిక చెవి ఇన్ఫెక్షన్. శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తివలె చుట్టి, చెవిలో ఉంచి, తడి పీల్చి, రోజుకు మూడుసార్లు క్వినొలోన్ జాతి చుక్కల మందు రెండువారాలు వేయవలెను. అయిదవ రోజున బిడ్డను మళ్ళీ చూడవలెను.

ఈ పట్టిక చేసిన మేలును తక్కువగా చూడరాదు. వత్తితో చెవి ఆరబెట్టడం పైసా ఖర్చులేని పని. చుక్కల మందుతో కలిస్తే చాలా చెవులు ఆరిపోతాయి. చెవిలో కాచిన నూనె, ఆకుపసరు పోసే అలవాట్లకు ఇది మంచి విరుగుడు. మాస్టాయిడైటిస్ మెదడువరకు పాకగల ప్రమాదం. దానిని చేతితో తడిమి పట్టుకోవచ్చునని నేర్పడం ఎందరో బిడ్డల ప్రాణాలకు సంబంధించిన పాఠం. పట్టిక మంచిదే. మంచిదైనందువల్లనే దానిలోని లోటును ఎత్తిచూపడం అవసరం.

చీము ఎందుకు వస్తుంది?

లోటును గ్రహించడానికి చెవి నిర్మాణాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవలెను. కర్ణభేరికి వెనుక ఉన్న చిన్న గాలిగదియే మధ్యచెవి. కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు ఇందులోనే ఉన్నవి. ఈ గదినుండి గొంతు వెనుకకు యూస్టేషియన్ నాళం పోతుంది. పెద్దవారిలో ఈ నాళం సుమారు 36 మిల్లీమీటర్ల పొడవున, ఏటవాలుగా ఉంటుంది. పసిబిడ్డలో దాని పొడవు ఇంచుమించు సగమే. పైగా దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు నాళం పూడిపోతుంది. గొంతులోని సూక్ష్మజీవులు గదిలోకి సులభంగా చేరుతాయి. చీము పట్టి, కర్ణభేరికి చిల్లిపడి, బయటికి కారుతుంది. పిల్లలకే చెవిపోటు ఎక్కువగా రావడానికి ముఖ్యకారణం ఇదే.

ఈ గదికి ఇరుగు పొరుగు ఎవరో కూడా తెలియవలెను. పైకప్పు అతి పలుచని ఎముక. దాని పైన మెదడు పొరలు. గది గోడవెంట ఒక సన్నని ఎముక గొట్టంలో ముఖనాడి పోతుంది. కన్ను మూయడానికి, నవ్వడానికి, నుదురు ముడవడానికి ఆజ్ఞలు మోసుకొనిపోయే నాడి అది. వెనుక మాస్టాయిడ్ ఎముక, తేనెపట్టువలె గాలి గూళ్ళతో నిండి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఏ కారణంచేతనైనా ఈ గదిలో ఒక కంతి పెరిగితే, అది గాలి దారిని మూసివేస్తుంది. గాలి ఆడని గదిలో చీము పడుతుంది. కంతి ఉపరితలం చెడి పుండు పడినప్పుడు దానికి కూడా సూక్ష్మజీవులు సోకుతాయి. అనగా చీము నిజమే. సూక్ష్మజీవులు కూడా నిజమే. యాంటిబయాటిక్ మందు వేస్తే ఆ సూక్ష్మజీవులు తగ్గుతాయి; వాసన, చీము కొంత తగ్గుతాయి. తల్లి సంతోషిస్తుంది, వైద్యుడు తన నిర్ణయం సరియైనదే అనుకుంటాడు. కంతి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కాన్సరు చెవి ఇన్ఫెక్షన్‌ను పోలి ఉంటుందని చెప్పడం పూర్తి నిజం కాదు. అది తన పైన ఒక నిజమైన ఇన్ఫెక్షన్‌నే కప్పుకొని ఉంటుంది. మోసం అంత బలంగా ఉండడానికి కారణం ఇదే.

రెండు మారువేషాలు

ఇటువంటి రోగాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది రాబ్డోమయోసార్కోమా. శరీరాన్ని కదిలించే కండరాలుగా ఎదగవలసిన లేతకణాలు దారితప్పి, అదుపు లేకుండా పెరగడమే ఈ రోగం. పిల్లల మృదుకణజాలంలో పుట్టే సార్కోమాలలో ఇదే ఎక్కువ. అయినా, పది లక్షల మంది పిల్లలలో సంవత్సరానికి నలుగురైదుగురికి మించి ఇది రాదు. వాటిలో మూడోవంతుకు పైగా తల, మెడ భాగాలలో పుడతాయి. వాటిలో మధ్యచెవి, మాస్టాయిడ్లలో మొదలయ్యేవి మరీ స్వల్పం. నాలుగైదేళ్ళ బిడ్డకు ఒక్క చెవి కారుతుంది. చీములో అప్పుడప్పుడు నెత్తురు జీర కనిపిస్తుంది. చెవి రంధ్రంలో ఎర్రని కండ పొడుచుకొని వస్తుంది. దీనిని వైద్యులు పాలిప్ అంటారు. కొంతకాలానికి ముఖనాడి దెబ్బతిని మూతి ఒకవైపుకు పోతుంది. ఆ వైపు కన్ను పూర్తిగా మూతపడదు.

రెండవది లాంగర్‌హాన్స్ కణ హిస్టియోసైటోసిస్. పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మను యువకుడు బెర్లినులో వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో, 1868 లో, చర్మంలో కొమ్మలవలె చేతులు చాచిన కణాలను వర్ణించాడు. వాటివంటి కణాలు ఎముకలలోను, చర్మంలోను, ఇతర అవయవాలలోను గుమిగూడి పెరగడమే ఈ రోగం. ఇది కాన్సరా, శరీర రక్షణ వ్యవస్థ గతి తప్పడమా అనే చర్చ చాలా దశాబ్దాలు సాగింది. ఈ కణాలలో సగానికి పైగా రోగులలో బీరాఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు ఉన్నదని 2010 లో తేలడంతో చర్చ కాన్సరు పక్షానికి మొగ్గింది. ఇది కూడా పది లక్షల మంది పిల్లలలో సంవత్సరానికి నలుగురైదుగురికి వచ్చే రోగమే. చెవి చుట్టూ ఉన్న ఎముకను పట్టినప్పుడు చెవి కారడం, రంధ్రంలో కండ పెరగడం, చెవి వెనుక మెత్తని వాపు కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు రెండు చెవులూ కారుతాయి. కొందరికి తలమీద చుండ్రు వంటి పొక్కులు వస్తాయి. మరికొందరికి విపరీతమైన దాహం, మాటిమాటికి మూత్రం. ఈ మూడింటికి మూడు వేర్వేరు మందులు మూడు చోట్ల ఇస్తూ ఉండడం కూడా సంభవిస్తుంది. మూడూ ఒకే చెట్టు కొమ్మలని ఎవరో ఒకరు కలిపి చూడవలెను.

పేరులోనే ఉన్న లోటు

ఇప్పుడు పట్టికను మళ్ళీ చూడవలెను. దీర్ఘకాలిక చెవి ఇన్ఫెక్షన్ అనే నిర్ణయానికి కార్యకర్త ఏ ఆధారాలతో వచ్చింది? రెండే ఆధారాలు: చీము కనిపించింది; పద్నాలుగు రోజులు గడిచినవి. ఈ రెండింటిలో ఏదీ కారణాన్ని చెప్పదు. మొదటిది ఒక లక్షణం. రెండవది ఒక కాలవ్యవధి. లక్షణాన్ని, కాలాన్ని కలిపి, కారణం పేరు పెట్టడం తర్కంలో దోషం. జ్వరం పద్నాలుగు రోజులు ఉన్నదంటే అది దీర్ఘకాలిక మలేరియా అని ఎవరూ అనరు. అది ఏ జ్వరమో వెతుకుతారు. చెవి విషయంలో మాత్రం రోజులు గడిచినకొద్దీ అనుమానం పెరగడానికి బదులు, పేరుకు ముందు ‘దీర్ఘకాలిక’ అనే విశేషణం చేరుతుంది. నిర్ణయాన్ని ప్రశ్నించవలసిన కాలమే దానికి సాక్ష్యం అవుతున్నది. ఈ పట్టికలోని ప్రధానమైన లోటు ఇదే.

రెండవ లోటు, తరువాతి చర్యలకు సంబంధించినది. కొత్తగా వచ్చిన ఇన్ఫెక్షన్ అయిదురోజుల తరువాత తగ్గకపోతే అదే మందు మరి అయిదురోజులు ఇచ్చి, మళ్ళీ చూడమని పట్టిక చెబుతుంది. దీర్ఘకాలికమైనదైతే, తల్లి వత్తి సరిగా పెడుతున్నదో లేదో, చుక్కలు మూడుపూటలా వేస్తున్నదో లేదో చూచి, అలాగే కొనసాగించమని ప్రోత్సహించవలెను అని చెప్పి ఊరుకుంటుంది. రెండువారాలు అన్నీ సరిగా చేసిన తరువాత కూడా చెవి కారుతుంటే ఏమి చేయవలెనో ఆ చోట చెప్పలేదు. మందు పనిచేయకపోతే తప్పు తల్లి చేతిదై ఉండవచ్చును. అది ముందుగా చూచుకోవలసిన సంగతే. కాని తప్పు తల్లిది కానప్పుడు, రోగానికి పెట్టిన పేరుదై ఉండవచ్చునన్న ఆలోచనకు అక్కడ తలుపు లేదు.

మూడవ లోటు, అడగని ప్రశ్నలు. కారుతున్నది ఒక చెవియా, రెండునా? నెత్తురు కనిపించినదా? ఇంతకుముందు ఎన్నిసార్లు మందు వేయించారు? బిడ్డ ముఖం రెండువైపులా సమంగా కదులుతున్నదా? వీటికి దీపం అక్కరలేదు, పరికరం అక్కరలేదు. కళ్ళు గట్టిగా మూసుకొమ్మని, పళ్ళు చూపమని బిడ్డకు చెబితే చాలును. ఇక చెవి వెనుక వాపును గూర్చి పట్టిక అడిగేది నొప్పి పుట్టే వాపును మాత్రమే. చీము గడ్డకు నొప్పి ఉంటుంది. కంతివల్ల వచ్చే వాపుకు అంత నొప్పి ఉండకపోవచ్చును. నొప్పి లేదన్న కారణంతో ఆ వాపు గులాబి గడిని తప్పించుకొని పోగలదు.

ఒక ఊహాలెక్క

ఇంత అరుదైన రోగంకోసం ఇంత గొడవ ఎందుకని అడుగవచ్చును. ఇది గణితం చదివే విద్యార్థులకు తగిన ప్రశ్న. ఊహకోసం కొన్ని అంకెలు తీసుకొందురుగాక. చెవి కారే లక్షమంది పిల్లలలో ఒక్కరికే కంతి ఉన్నదనుకోవలెను. మొదటిరోజున ఏ బిడ్డను చూచినా అది కంతి కావడానికి అవకాశం లక్షలో ఒకటి. ఆ రోజున ఇన్ఫెక్షన్ అని నిర్ణయించిన వైద్యుడు సరిగానే నిర్ణయించాడు. అందరినీ ఆ రోజే స్కానింగుకు పంపడం అవివేకం.

ఒక్కొక్క విడత మందుతో ఇన్ఫెక్షన్లలో నూటికి తొంభై నయమవుతాయనుకోవలెను. కంతి నయం కాదు. మొదటి విడత తరువాత కారే చెవులు సుమారు 10,000. వాటిలో ఒకటి కంతి. రెండవ విడత తరువాత 1,000 లో ఒకటి. మూడవ విడత తరువాత 100 లో ఒకటి. బిడ్డ మారలేదు, చీము మారలేదు; అవకాశం మాత్రం వెయ్యిరెట్లు పెరిగింది. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు పాత అంచనాను ఎంత మార్చుకోవలెనో చెప్పే ఈ రకపు గణితానికి మూలపురుషుడు థామస్ బేయిస్. ఆ ఇంగ్లీషు మతగురువు 1761 లో మరణించగా, రెండేళ్ళ తరువాత 1763 లో ఆయన వ్యాసం వెలువడింది.

నిజజీవితంలో లెక్క ఇంత చక్కగా నడవదు. మందు సరిగా వేయని చెవులు ఉంటాయి. స్నానపు నీరు పోతూ ఆరని చెవులు ఉంటాయి. కర్ణభేరి చిల్లి పూడక మళ్ళీమళ్ళీ కారేవి ఉంటాయి. అయినా లెక్క చూపే దిక్కు మారదు. మందుకు లొంగకపోవడం అనేది ఉత్త వైఫల్యం కాదు. అది ఒక పరీక్షాఫలితం. ఆ ఫలితాన్ని చదవకుండా అదే మందును మళ్ళీ రాయడమంటే, చేసిన పరీక్ష జవాబును చూడకుండా పారవేయడమే.

ఒక ఆక్షేపణ, దాని సమాధానం

పట్టికను సమర్థించేవారు చెప్పగల బలమైన మాట ఒకటి ఉన్నది. చెవులు కారే పిల్లలు కోట్లలో ఉన్న దేశాలలో, రెండువారాలు దాటిన ప్రతి బిడ్డనూ పెద్దాసుపత్రికి పంపితే చెవి వైద్యుల గదులు నిండిపోతాయి. అప్పుడు నిజంగా అవసరమైన బిడ్డ వరుసలో చివరన మిగిలిపోతుంది. దారి ఖర్చులు, పోయిన కూలి, వ్యర్థమైన భయం తల్లిదండ్రుల నెత్తిన పడతాయి. ఈ మాటలో న్యాయం ఉన్నది.

కాని ఆ తలుపు ఒక్క కాన్సరుకోసమే తెరవనక్కరలేదు. మందుకు లొంగని చెవుల వెనుక అంతకంటె తరచుగా ఉండే కారణాలు వేరే ఉన్నవి. వాటిలో ఒకటి కొలెస్టియటోమా. కర్ణభేరి చర్మం లోపలికి ముడుచుకొనిపోయి, సంచివలె పెరుగుతూ, ఎముకను తినివేస్తుంది. ఇది కాన్సరు కాదు. కాని చుక్కలమందుకు నయం కాదు, శస్త్రచికిత్స కావలెను. మరొకటి చెవికి పట్టిన క్షయ. నొప్పిలేని చీము, కర్ణభేరిలో ఒకటికి మించిన చిల్లులు దాని గుర్తులు. దానికి క్షయ మందులు తప్ప వేరే మందు పనిచేయదు. పద్నాలుగు రోజులు సరిగా మందు వేసినా ఆరని చెవిని ఎవరో ఒకరు దీపంతో లోపలికి చూడవలెనన్న నియమం ఈ అన్నింటినీ ఒకే వలలో పడుతుంది. కాన్సరుకోసం వేసిన వల కాకపోయినా, కాన్సరు కూడా దానిలోనే పడుతుంది.

అందరినీ ఒకే తొందరతో పంపనక్కరలేదు కూడా. మొదటి విడతకు ఆరని చెవిని ఓటోస్కోపు అనే దీపపు గొట్టంతో చూడగల వైద్యునికి చూపడం ఒక మెట్టు. దానికి పెద్దాసుపత్రి అవసరం లేదు. చీములో నెత్తురు, రంధ్రంలో కండ, ముఖంలో వంకర, చెవి వెనుక తగ్గని వాపు, కొత్తగా వచ్చిన మెల్ల – వీటిలో ఏది కనిపించినా రెండువారాలు కూడా ఆగకుండా చెవి వైద్యునికి పంపడం రెండవ మెట్టు. పట్టికలోని పేరును ‘దీర్ఘకాలిక చెవి ఇన్ఫెక్షన్’ అని గాక ‘దీర్ఘకాలంగా కారే చెవి’ అని మార్చడం అన్నింటికన్న సులభమైన సవరణ. ఉన్నంతే చెప్పే పేరు ఆలోచనకు చోటు ఇస్తుంది. లేనిది చెప్పే పేరు దానిని మూసివేస్తుంది.

పెద్దాసుపత్రులలో పాటించవలసిన నియమం కూడా ఒకటి ఉన్నది. పిల్లల చెవినుండి తీసిన పాలిప్‌ను పారవేయరాదు. అది ఉత్త వాపు కండయా, రాబ్డోమయోసార్కోమాయా, హిస్టియోసైటోసిస్సా అన్నది కంటితో చూచి ఎవరూ చెప్పలేరు. సి.టి., ఎమ్.ఆర్.ఐ. చిత్రాలు ఎముక ఎంత తిన్నదో, మెదడు పొరలవైపు ఎంత పాకినదో చూపుతాయి. కాని రోగం పేరు నిర్ణయించేది ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన పెథాలజిస్టే. అంతవరకు ఏ పేరైనా అనుమానమే.

ఆలస్యం ఖరీదు

రోగం నయం కానిదే అయితే, ముందు తెలిసినా తరువాత తెలిసినా ఒకటే. ఇక్కడ అలా కాదు. 1970 ప్రాంతంలో రాబ్డోమయోసార్కోమా వచ్చిన పిల్లలలో నూటికి సుమారు పాతికమంది మాత్రమే బ్రతికేవారు. అమెరికాలో 1972 లో వివిధ ఆసుపత్రులవారు ఒక సంఘంగా ఏర్పడి, ఒకే పద్ధతిలో చికిత్స చేస్తూ, ఫలితాలను పోల్చిచూస్తూ, ఒక అధ్యయనం తరువాత మరొకటి నడిపారు. 1990 లు ముగిసేనాటికి బ్రతికేవారు నూటికి డెబ్భైమంది అయ్యారు. అయితే రోగం దూరపు అవయవాలకు పాకిన తరువాత ఆ సంఖ్య ముప్ఫైకి తక్కువ. రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాలో కొంత భాగం రోగం స్వభావానిది. కొంత భాగం పోయిన కాలానిది. పోయిన కాలాన్ని మాత్రమే మనుషులు తగ్గించగలరు. హిస్టియోసైటోసిస్ ఒక్క ఎముకకే పరిమితమైనప్పుడు దాదాపు అందరూ బ్రతుకుతారు. ఆలస్యమైతే నష్టపోయేది తరచుగా వినికిడి.

ఈ రెండు రోగాల చికిత్సలోను ఒకే మొక్కనుండి వచ్చిన మందులు వాడడం తెలుగు పాఠకులకు ఆసక్తికరం. పెరటిలో ఊదారంగు, తెల్లరంగు పూలు పూసే బిళ్ళగన్నేరే ఆ మొక్క. మధుమేహానికి పనికివస్తుందేమోనని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనేవారు దాని ఆకుల సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూచినప్పుడు చక్కెర తగ్గలేదు, నెత్తురులోని తెల్లకణాలు తగ్గినవి. ఆ దారిలో 1958 లో విన్‌బ్లాస్టిన్ లభించింది. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్‌కు 1963 లో అమెరికాలో అనుమతి లభించింది. విన్‌బ్లాస్టిన్ హిస్టియోసైటోసిస్‌కు, విన్‌క్రిస్టిన్ రాబ్డోమయోసార్కోమాకు ఇతర మందులతో కలిపి ఇస్తారు. రెండవదానికి రేడియేషన్ చికిత్స కూడా తోడవుతుంది. ఈ మందుల మోతాదు మిల్లీగ్రాములలో ఉంటుంది; కొంచెం హెచ్చితే నాడులు, నెత్తురు దెబ్బతింటాయి. కనుక ఇంట్లో ఆకుపసరు తీసి బిడ్డకు పట్టడం ప్రమాదకరం. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. ఆసుపత్రిలో, విశాఖపట్నంలోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రిలో ఇటువంటి చికిత్సలు లభిస్తాయి. బిడ్డ అక్కడిదాకా చేరడమే కష్టమైన మజిలీ.

బడిలో ఏమి చేయవచ్చును?

ఈ విమర్శ ఆరోగ్య కార్యకర్తల పట్టికను గూర్చినదే అయినా, దాని పాఠం బడికి కూడా వర్తిస్తుంది. పాఠశాలలో చెవిని గూర్చిన పాఠం సాధారణంగా మూడు భాగాల బొమ్మతో, మూడు ఎముకల పేర్లతో ముగుస్తుంది. ఆ బొమ్మను గీసిన విద్యార్థే వెనుక బల్లమీద కారే చెవిలో దూది పెట్టుకొని కూర్చున్నా, పాఠానికి, ఆ దూదికి సంబంధం ఉన్నట్లు ఎవరూ చెప్పరు. వినపడక జవాబు చెప్పలేనివానికి మందబుద్ధి అనే పేరు కూడా వస్తుంది. ఇది కూడా లక్షణానికి కారణం పేరు పెట్టడమే.

ఉపాధ్యాయుడు రోగనిర్ణయం చేయనక్కరలేదు, చేయరాదు కూడా. కారే చెవితో బడికి వచ్చే పిల్లలలో నూటికి నూరుమందికీ సామాన్యమైన ఇన్ఫెక్షనే ఉండవచ్చును. కాన్సరు పేరు ఎత్తి తల్లిదండ్రులను భయపెట్టడం అపకారం. ఆయన చేయగలిగినది ఒక తేదీ వ్రాసిపెట్టుకోవడం. చెవి కారడం మొదట ఎప్పుడు గమనించాడో, మందు ఎప్పుడు మొదలుపెట్టారో, ఇంకా కారుతున్నదో లేదో ఆయనకు తెలుస్తుంది. ఆసుపత్రులు మారుతూ తిరిగే తల్లికి ఆ లెక్క మిగలదు. ప్రతిచోటా బిడ్డను మొదటిసారి చూస్తున్నట్లే చూస్తారు. 2013 లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించవలసిన బాధలలో మధ్యచెవి వాపు, వినికిడి లోపం రెండూ ఉన్నవి. ఆ బృందం బడికి వచ్చినప్పుడు ‘వీడికి చెవి కారుతుంది’ అని చెప్పడం కంటె, ‘ఒకే చెవి, ఆరువారాలైంది, రెండు విడతలు మందు వేశారు, ఆరలేదు’ అని చెప్పడం ఎంతో ఎక్కువ ఉపయోగం.

విజ్ఞానశాస్త్రం బోధించేవారికి ఇందులో మరొక పాఠం ఉన్నది. సామాన్యమైనదాన్నే మొదట ఊహించడం శాస్త్రీయమే. ఊహ విఫలమైనప్పుడు దానిని విడిచిపెట్టడానికి గడువు పెట్టుకోవడం కూడా అంతే శాస్త్రీయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక మొదటిపనిని చక్కగా చేసింది. రెండవపనికి కావలసిన గడువు పద్నాలుగు రోజుల రూపంలో దానిలోనే ఉన్నది. ఆ గడువు వద్ద పెట్టవలసినది రోగం పేరు కాదు, మరొక ప్రశ్న.